రంగం నుంచి వచ్చినవాళ్ళ పేర్లు

(బర్మా నుంచి వచ్చిన తెలుగు కుటుంబాల జ్ఞాపకాల సేకరణ గురించి విశాఖపట్నంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో పెద్దవాళ్ళు కూర్చున్నారు, వాళ్ళకి ప్రత్యేకంగా నమస్కారం. ఫ్యాను నేనే ఆపించాను. ఉక్కగా ఉంటుంది, కాస్త ఓర్చుకోండి. ఎందుకు కట్టించానో తర్వాత చెప్తాను.

ఒక్క మాటతో మొదలుపెడతాను. కాందిశీకులు. ఈ మాట మీలో చాలామంది వినే ఉంటారు. పాత కాగితాల మీద, స్థలాల పట్టాల మీద "బర్మా కాందిశీకులు" అని ఉంటుంది. మా అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ఒక కాగితం ఉండేది, దాని మీద కూడా అదే మాట. నేను ముప్పై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పాను. అయినా ఆ మాట లోపల ఏముందో చాలాకాలం చూడలేదు. ఊరు విడిచి పారిపోయి వచ్చినవాళ్ళు అని తెలుసు, అంతే. ఒకరోజు నిఘంటువు తీసి చూశాను. "కాం దిశం" అంటే సంస్కృతంలో "ఏ దిక్కుకి" అని. ఏ దిక్కుకి పోను, అని అడిగేవాడు కాందిశీకుడు. చూశారా? వాళ్ళ నోట్లోంచి వచ్చిన ప్రశ్ననే వాళ్ళకి పేరుగా పెట్టేశాం. ప్రశ్న మిగిలింది. అడిగినవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లేమిటి? అది కాగితం మీద లేదు.

ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ ఒక్కదాని గురించే. మనవాళ్ళని లెక్కపెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. పేరు పెట్టి పిలిచి, కూర్చోబెట్టి అడిగినవాళ్ళు లేరు. ఆ పని ఇప్పుడు మనం చెయ్యాలి.

ఇక్కడ చిన్నపిల్లలు కూడా ఉన్నారు కాబట్టి కథ కొంచెం వెనక్కి వెళ్ళి చెప్తాను. కాకినాడ దగ్గర కోరంగి అని ఊరుంది. ఇప్పుడు మీకు మడ అడవులు, పడవ షికారు గుర్తొస్తాయి. ఒకప్పుడది పెద్ద రేవు, ఓడలు కట్టిన ఊరు. 1839 తుఫానుతో ఆ రేవు కోలుకోలేకుండా పోయింది. కానీ దాని పేరు సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాళ్ళందరినీ "కోరంగీలు" అనేవారు. మీది బారువా అయినా, భీమిలి అయినా, కళింగపట్నం అయినా, అక్కడ దిగితే మీరు కోరంగీనే. ఊళ్ళో మాత్రం మనవాళ్ళు బర్మా రాజధాని రంగూన్‌ని రంగూన్ అనలేదు. రంగం అన్నారు. "మా తాత రంగం వెళ్ళాడు." శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాల్లో ఏ పల్లెకి వెళ్ళినా, కొంచెం తవ్వితే ఈ వాక్యం వినిపిస్తుంది. కరువొస్తే రంగం. అప్పైతే రంగం. ఇంట్లో పడకపోతే రంగం.

కూలీలని కుదిర్చే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఓడ ఎక్కించేవాడు. అక్కడ రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు, నగరం వీధులు ఊడ్చారు, పాకీ పని చేశారు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే. అందులో రేవు కూలీలు ఎక్కువగా మనవాళ్ళు. 1930 మే నెలలో జీతం పెంచమని వాళ్ళు సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా కూలీలని పెట్టారు. సమ్మె తీరి మనవాళ్ళు తిరిగి పనిలోకి రాగానే ఆ బర్మా కూలీలని పొమ్మన్నారు. అక్కడ అంటుకుంది. వంద మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది మనవాళ్ళే. కూలీకి కూలీకి మధ్య నిప్పు పెట్టినవాళ్ళు మాత్రం బాగానే ఉన్నారు. 1937లో బర్మాని భారతదేశం నుంచి వేరు చేశారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత నడక. అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగుకి కొందరు, తము మీదుగా మణిపూర్‌కి కొందరు, హుకాంగ్ లోయలోంచి అస్సాంకి కొందరు. లక్షల మంది నడిచారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. ఎంతమంది పోయారంటే, పదివేలు అనేవాళ్ళు ఉన్నారు, యాభై వేలు అనేవాళ్ళూ ఉన్నారు.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. పదివేలకీ యాభైవేలకీ మధ్య నలభై వేల మంది ఉన్నారు. నలభై వేల మంది ఉన్నారో లేదో తెలియకుండా పోయారు. మన ఇళ్ళల్లో ఒక పెళ్ళి జరిగితే, పది రూపాయలు చదివించినవాళ్ళ పేరు కూడా పుస్తకంలో రాసుకుంటాం. అవునా, కాదా?

యుద్ధం అయిపోయాక కొందరు మళ్ళీ వెళ్ళారు. అసలు రాకుండా ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ పిల్లలు ఇప్పటికీ యాంగోన్‌లో, అంటే ఆ రంగూన్‌లోనే, మాలమైన్‌లో ఉన్నారు. 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కింది. కొట్లు, మిల్లులు, బ్యాంకులు జాతీయం చేశారు. 1964 మేలో అక్కడి డబ్బు చాట్‌లో యాభై, వంద నోట్లు చెల్లవన్నారు. ఆ తర్వాతి కొన్నేళ్ళలో సుమారు మూడు లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. మద్రాసులో దిగారు, ఇదిగో ఇక్కడ మన రేవులో దిగారు. కంచరపాలెం పక్కన బర్మా క్యాంప్ అలా వచ్చిందే. రోజూ ఆ స్టాపులో బస్సు ఎక్కుతాం, దిగుతాం. క్యాంప్ అంటే ఎవరి క్యాంప్ అని ఎప్పుడైనా అనుకున్నామా?

సరే. చరిత్ర ఇంతే చెప్తాను. ఇది పుస్తకాల్లో దొరుకుతుంది. దొరకనిదాని గురించి మాట్లాడదాం.

పన్నెండేళ్ళ క్రితం నేను మొదటిసారి ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ఆవిడకి ఎనభై దాటాయి. నడిచి వచ్చినప్పుడు తొమ్మిదేళ్ళ పిల్ల. నేను పద్ధతిగా నోటుబుక్కు, పెన్ను, రికార్డరు, ఇరవై ఆరు ప్రశ్నలు పట్టుకుని వెళ్ళాను. "అమ్మా, బర్మాలో తెలుగువారి జీవన పరిస్థితులు ఎలా ఉండేవి?" అని అడిగాను. ఆవిడ నా మొహం చూసి, "నానేటి సెప్తానమ్మా, నాకేటి తెల్సు, ఆయనుంటే సెప్పీవోరు" అంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మీరు ఏ ఇంటికి వెళ్ళినా ఆడవాళ్ళు మొదట చెప్పే మాట ఇదే. నాకేం తెలుసు. చాలామంది అక్కడే లేచి వచ్చేస్తారు. ఆవిడకి నిజంగానే ఏమీ తెలియదనుకుంటారు. తప్పు ఆవిడది కాదమ్మా, మన ప్రశ్నది. జీవన పరిస్థితులు అని ఎవరైనా ఇంట్లో మాట్లాడతారా?

నాకూ ఏం చెయ్యాలో తోచలేదు. గూట్లో ఒక ఇత్తడి చెంబు కనిపించింది. మెడ దగ్గర సొట్ట, అడుగున కళాయి పోయి ఉంది. "ఇది అక్కడిదా?" అన్నాను, ఊరికే. అంతే. ఆవిడ లేచి చెంబు తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. "ఇదొక్కటే మిగిలింది" అంది. మిగతావి ఏమయ్యాయి? దారిలో పారేశారు. ఏది ఎక్కడ పారేశారు? అప్పుడు మొదలుపెట్టింది.

పడవ రేవు దగ్గర కుట్టు మిషను. అది వాళ్ళ నాన్న అప్పుచేసి కొన్నది, దాని తల ఒక్కటే మోసుకొచ్చాడు, అక్కడ పడవవాడు ఎక్కించుకోనన్నాడు. మొదటి కొండ ఎక్కేముందు పరుపుచుట్ట. వాన మొదలయ్యాక బియ్యం మూట, తడిసి బరువెక్కిపోయిందట. తర్వాత ఇనప మూకుడు. తర్వాత వాళ్ళమ్మ పట్టుచీర, దాన్ని పారెయ్యలేదు, ఒక కొండజాతి ఆవిడకిచ్చి రెండు అరటిగెలలు తీసుకున్నారు. ఇలా చెప్పుకుంటూ వస్తోంది. నాకు ఆ దారంతా కనిపిస్తోంది. మ్యాపులో లేని దారి, వస్తువులతో వేసిన దారి. మూకుడు తర్వాత, చీర తర్వాత, అదే గొంతుతో, ఏ తేడా లేకుండా, "ఆ తర్వాత మా నాయనమ్మ" అంది.

నాయనమ్మ ఒక చెట్టు కింద కూర్చుని, నా వల్ల కాదు, మీరు పొండి అందట. పిల్లలకి నీళ్ళు పట్టించమని చెంబు ఇచ్చేసిందట. ఆ చెంబే ఇది.

అప్పుడు నేనేం చేశానో చెప్తాను. చెప్పాలి, ఎందుకంటే మీరు చెయ్యకూడదు. "అది ఏ నెల అండీ?" అన్నాను. నెల అడిగాను. నా నోటుబుక్కులో ఏడో ప్రశ్న తేదీలు, వరుస. ఆ రికార్డింగు నా దగ్గర ఇప్పటికీ ఉంది. "మా నాయనమ్మ" అన్న మాటకీ నా గొంతుకీ మధ్య రెండు సెకన్లు కూడా లేవు. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోయింది, ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. నేను అడ్డం వెళ్ళాను. ఆవిడ "ఏ నెలో ఏటో" అని చెంబు తీసుకెళ్ళి గూట్లో పెట్టేసింది. తర్వాత మూడుసార్లు వెళ్ళాను. ఎంతో ప్రేమగా చూసింది, టీ ఇచ్చింది, నాయనమ్మ గురించి మాత్రం ఇంకొక్క మాట చెప్పలేదు. పేరు కూడా నేను అడగలేదు. ఇప్పుడు ఆవిడ లేదు. ఆ నాయనమ్మ పేరు ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. నా తొందర వల్ల.

కాబట్టి మొదటి పాఠం, మౌనంగా కూర్చోండి. ఎదుటి మనిషి ఆగితే, మాట అయిపోయిందని కాదు. లోపల వెతుక్కుంటున్నారని. మనసులో ఇరవై అంకెలు లెక్కపెట్టండి. మన తెలుగువాళ్ళకి ఇది చాలా కష్టం, ఎవరైనా ఆగితే మనం వాక్యం పూర్తి చేసేస్తాం. చెయ్యకండి.

రెండోది, వస్తువు అడగండి. పొయ్యి ఎటువైపు ఉండేది అని అడగండి. అక్కడ మీ అమ్మ చంటిపిల్లలకి మొహానికి ఏం రాసేది అని అడగండి. థనకా అంటారు, చెట్టు బెరడు రాయి మీద అరగదీసి గంధంలా రాస్తారు. ఆ మాట వినగానే ముసలి చేతులు వాటంతటవే అరగదీస్తున్నట్టు కదులుతాయి, నేను చూశాను. నూడుల్స్‌లో కొబ్బరిపాల కూర పోసుకుని ఎలా తినేవారో అడగండి. మోహింగా చేపల పులుసులో ఏం వేసేవారో అడగండి. వంటింట్లోంచి వెళ్ళండి, మిగతా ఇల్లంతా అదే తెరుచుకుంటుంది.

ఇంకొకావిడ ఉంది, 1964లో వచ్చినావిడ. పెళ్ళయి ఏడాదట. ఓడ ఎక్కేముందు తనిఖీలో అధికారి చెవులవైపు చూపించాడు. నగలు తీసుకెళ్ళనివ్వలేదు కదా, ఈ సంగతి ఆ కాలంలో వచ్చిన ప్రతి కుటుంబం చెప్తుంది. దుద్దులు తీసి బల్లమీద పెట్టింది. చెవులు పూడిపోతాయని వాళ్ళత్తగారు అక్కడే మూల ఉన్న చీపురులోంచి రెండు పుల్లలు విరిచి పెట్టిందట. ఆ చీపురుపుల్లలతోనే విశాఖలో దిగింది. ఇక్కడ చుట్టాలు చూసి నవ్వారట, రంగం నుంచి బంగారం తెస్తారనుకుంటే పుల్లలు తెచ్చారని. ఆవిడ నాకు ఈ సంగతి చెప్తూ రెండు చేతులూ చెవుల దగ్గర పెట్టుకుంది. అరవై ఏళ్ళ కిందటి నవ్వు ఇంకా వినిపిస్తున్నట్టు. నోట్ల రద్దు గురించి ప్రభుత్వ ఉత్తర్వు దొరుకుతుంది. చీపురుపుల్ల సంగతి ఏ ఉత్తర్వులో దొరుకుతుంది?

ఇప్పుడు ఒక కష్టమైన విషయం. నిజమా కాదా అనేది. మా దగ్గర పనిచేసే కుర్రాడు ఒకడు, బాగా చదువుకున్నవాడు, ఒక రికార్డింగు పట్టుకుని వచ్చాడు. "టీచర్, ఈ తాతగారు చెప్పింది తప్పు. తీసేద్దాం" అన్నాడు. తాతగారు ఏమన్నారంటే, "మేం విశాఖలో ఓడ దిగిన రోజే ఇక్కడ బాంబులు పడ్డాయి" అని. విశాఖ మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. కానీ ఆయన అన్నగారు చెప్పినదాని ప్రకారం ఆ కుటుంబం ఓడలో రానేలేదు. నడిచి మణిపూర్ చేరి, అక్కణ్ణుంచి రైళ్ళు మారి వచ్చేసరికి వానాకాలం. మరి తాతగారు అబద్ధం చెప్పారా?

ఇటలీలో అలెస్సాండ్రో పోర్టెల్లి అని ఒక పెద్ద పరిశోధకుడు ఉన్నారు. తెర్ని అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో కార్మికులతో మాట్లాడారు. అక్కడ ఒక యువ కార్మికుడు 1949లో ఒక నిరసన ఊరేగింపులో పోలీసుల చేతిలో చనిపోయాడు. కానీ ఊళ్ళో చాలామంది, అతను 1953లో, ఉద్యోగాలు తీసేసినప్పుడు జరిగిన గొడవల్లో చనిపోయాడని చెప్పారు. పోర్టెల్లి దాన్ని తప్పు అని కొట్టెయ్యలేదు. ఇంతమంది ఒకేలా ఎందుకు మార్చుకున్నారు అని అడిగారు. వాళ్ళకి జీవితంలో అతిపెద్ద దెబ్బ ఆ ఉద్యోగాలు పోవడం. వాళ్ళ మనిషి చావు దానికి సంబంధం లేకుండా ఊరికే జరిగిందంటే మనసు ఒప్పుకోలేదు.

ఇది మా కుర్రాడికి చెప్పి, మళ్ళీ తాతగారి దగ్గరికి వెళ్ళమన్నాను. తేదీ సరిచెయ్యడానికి కాదు. ఆ విమానాల గురించే ఇంకా అడగమని. వెళ్ళాడు. తాతగారు అప్పటికి ఆరేళ్ళ పిల్లాడు. తాతగారు చెప్పిన మాట నేను అలాగే చెప్తాను: "మేం ఏ ఊరెల్తే ఆ ఊరొచ్చీసీవి బాబూ ఆ ఇమానాలు. మమ్మల్నే ఎతుక్కుంటన్నాయనుకున్నాను." అర్థమైందా? రంగూన్‌లో చూసిన బాంబు, విశాఖకొచ్చాక విన్న బాంబు, ఆ పిల్లాడికి ఒకటే బాంబు. అది వాడి వెంట వచ్చింది. తేదీ కావాలంటే పేపర్లో దొరుకుతుంది. ఆరేళ్ళ పిల్లాడికి ఎలా ఉందో ఆ "తప్పు" దగ్గరే దొరికింది. తేదీ తేడా ఉందని పక్కన రాసిపెట్టండి, తప్పక రాయండి. తీసెయ్యకండి.

ఇప్పుడు నేను తాతగారి మాటని ఆయన యాసలోనే చెప్పాను కదా. దాని గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. మొదట్లో మా దగ్గర రికార్డింగులు విని రాసిన పిల్లలు "ఎల్లిపోనాం" అంటే "వెళ్ళిపోయాము" అని రాశారు. "ఒచ్చీసినాం" అంటే "వచ్చేశాము" అని. మంచి ఉద్దేశంతోనే. పెద్దవాళ్ళని గౌరవంగా చూపించాలని. ఒకాయనకి ఆ కాగితం చదివి వినిపించాం. అంతా విని, "బాగుందమ్మా, ఇది ఎవరు సెప్పినారు?" అన్నారు. ఆయన మాట ఆయనకే పరాయిదైపోయింది. తెలుగు టీచరుగా చెప్తున్నాను, వినండి: అది తప్పు తెలుగు కాదు. అది ఆయన తెలుగు. పైగా ఆ తెలుగులో బర్మా మాటలు ఉంటాయి. అన్నాన్ని తమిన్ అంటారు, ఎలా ఉన్నావంటే నేకౌన్లా అంటారు. వాళ్ళని అక్కడ తిట్టిన మాట కూడా ఉంటుంది, "కలా" అని. ఆ మాట చెప్పేటప్పుడు కొందరు గొంతు తగ్గిస్తారు. గొంతు తగ్గించారని కూడా రాయండి.

ఎవరి దగ్గరికి వెళ్తున్నాం అన్నది ఇంకో ప్రశ్న. మేం మొదటి రెండేళ్ళలో సేకరించినవి తిరిగి చూసుకుంటే, దాదాపు అందరూ మగవాళ్ళు, అందరికీ ఇంట్లో ఫోటోలున్నాయి, అందరూ మేస్త్రీల మనవలో, కొట్లవాళ్ళ కొడుకులో. ఎందుకంటే మేం "బర్మా గురించి ఎవరికి బాగా తెలుసు?" అని అడుగుతూ వెళ్ళాం, జనం ఆ ఇళ్ళే చూపించారు. కూలివాడి జీతంలోంచి మేస్త్రీ కోసుకున్న వాటా సంగతి మేస్త్రీ మనవడు చెప్తాడా? రంగూన్ వీధులు ఊడ్చిన దళితుల మనవరాలు ఏ సంఘం ఫోటోలో ఉంటుంది? ఆ ఇళ్ళకి ఎవరు దారి చూపిస్తారు? మనమే వెళ్ళాలి. ఎవరు వెళ్తున్నారన్నది కూడా ముఖ్యమే. అమెరికాలో 1936 నుంచి 1938 దాకా, ఒకప్పుడు బానిసలుగా బతికిన ముసలివాళ్ళ మాటలు ప్రభుత్వం రాయించింది. రెండువేల మూడొందలకి పైగా ఉన్నాయి, అమూల్యమైనవి. కానీ అడిగినవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు. కొందరైతే పాత యజమానుల కుటుంబాలవాళ్ళే. వాళ్ళ ముందు ఆ ముసలివాళ్ళు ఎంత చెప్పగలరు? నేను ఒక వాడలోకి వెళ్ళి కూర్చుంటే, నా పేరు వినగానే, నా మాట వినగానే నా కులం వాళ్ళకి తెలుస్తుంది. అందుకే ఆ వాడ పిల్లలే రికార్డరు పట్టుకోవాలని మేం నిర్ణయించుకున్నాం. ఆ తర్వాత వచ్చిన రికార్డింగులు వింటే, అదే రంగం వేరే రంగంలా వినిపిస్తుంది. మేస్త్రీలని దేవుళ్ళన్న ఇళ్ళు విన్నాం, మేస్త్రీ లెక్కల పుస్తకంలో అప్పు తీరకుండానే చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళూ విన్నాం.

ఇక అనుమతి. కాగితం మీద సంతకం పెట్టించుకుంటే అయిపోయిందనుకోకండి. ఆ కాగితం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి. రికార్డు చెయ్యడానికి ఒక ఒప్పుకోలు, నలుగురికి వినిపించడానికి వేరే ఒప్పుకోలు. పేరు పెట్టాలా వద్దా అనేది వాళ్ళిష్టం. ఇవాళ ఒప్పుకుని రేపు వద్దంటే, వద్దనే.

ఒక పెద్దాయన, మాట్లాడుతూ మాట్లాడుతూ, "అది ఆపెయ్యమ్మా" అన్నారు. ఆపేశాను. తర్వాత గంటసేపు ఒక సంగతి చెప్పారు. అక్కడ వదిలేసి వచ్చిన ఒక కుటుంబం గురించి. అంతవరకే చెప్తాను. రంగం వెళ్ళిన మగవాళ్ళు చాలామంది అక్కడ పెళ్ళిళ్ళు చేసుకున్నారని మనందరికీ తెలుసు. కానీ ఆ ఇంటి కథ నేను రాయలేదు, ఎవరికీ చెప్పలేదు, చెప్పను. "చరిత్రకి నష్టం కదా టీచర్" అని పిల్లలు అడిగారు. నష్టమే. కానీ ఆయన నన్ను నమ్మి చెప్పుకున్నది చరిత్ర కోసం కాదు, బరువు దించుకోవడానికి. అది మాత్రం ఆయనది.

పని ఎలా చెయ్యాలో చెప్పి ముగిస్తాను. ఫ్యాను ఎందుకు కట్టించానంటారా? మన ఇళ్ళల్లో రికార్డింగు పాడుచేసేది ఫ్యానే. చెవికి అలవాటైపోయి మనకి వినిపించదు, ఫోను మాత్రం గొంతు వదిలేసి ఫ్యానునే రికార్డు చేస్తుంది. కట్టెయ్యండి, విసనకర్ర పట్టుకెళ్ళండి. టీవీ కట్టించండి. కుక్కరు పెట్టకముందే వెళ్ళండి. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద, వాళ్ళకి మూరెడు దూరంలో ఉంచండి. మొదట మీ గొంతుతో తేదీ, ఊరు, ఎవరితో మాట్లాడుతున్నారో చెప్పండి. గంట దాటితే ఆపి, మళ్ళీ వస్తానని చెప్పండి. పెద్దవాళ్ళు అలిసిపోయినా చెప్పరు. ఇంటికి రాగానే రెండోచోట కాపీ చెయ్యండి. వాట్సాప్‌లో పంపితే సరిపోతుందనుకోకండి, అక్కడ ఫోన్లు మారినప్పుడల్లా ఎన్ని గొంతులు పోయాయో మాకు తెలుసు. వాళ్ళకి ఒక కాపీ ఇవ్వండి. ఇది మర్చిపోకండి. మనం తెచ్చుకోవడానికే వెళ్తే అడ్వాన్సు ఇచ్చి సంతకం పెట్టించుకున్న మేస్త్రీకీ మనకీ తేడా ఏముంది? తిరిగి ఇవ్వాలి. కూర్చోబెట్టి వినిపించాలి, మనవలతో సహా.

ఇది పెద్ద సంస్థలే చెయ్యాలని లేదు. దేశ విభజన జ్ఞాపకాల కోసం అమెరికాలో ఒకమ్మాయి, గునీతా సింగ్ భల్లా, ఈ పని మొదలుపెట్టింది. ఆవిడ ఫిజిక్స్ చదువుకున్నావిడ. వాలంటీర్లతో ఇప్పటికి పదివేలకు పైగా జ్ఞాపకాలు పోగుచేశారు. మనకి పదివేలు అక్కర్లేదు. ఈ గదిలో ఉన్నవాళ్ళు తలా ఒక్కరితో మాట్లాడితే చాలు. కానీ త్వరగా. 1942లో పదేళ్ళ పిల్ల ఇప్పుడు తొంభై దాటింది. 1964లో చీపురుపుల్లలతో దిగిన పెళ్ళికూతుళ్ళకి ఎనభై దాటాయి. పోయిన వేసవిలో మేం వెళ్దామనుకున్న ఇల్లు ఒకటి ఉంది, ఎండ తగ్గాక వెళ్దామనుకున్నాం. ఎండ తగ్గేసరికి ఆ ఇంటి ముందు టెంటు వేసి ఉంది.

మీ కుర్చీల మీద ఒక్కో తెల్లకాగితం పెట్టాం, చూసే ఉంటారు. దాని మీద ఏమీ అచ్చు వెయ్యలేదు. మీ ఇంట్లోంచి రంగం వెళ్ళినవాళ్ళ పేరు రాయండి. తిరిగొచ్చినవాళ్ళదీ, రానివాళ్ళదీ. ఇంటిపేరుతో సహా. పేరు తెలియకపోతే ఇంట్లో ఏమని పిలిచేవారో అదే రాయండి, చిన్నప్ప, పెద్దయ్య, ఏదైనా సరే. ఆడవాళ్ళ పేర్లు మర్చిపోకండి, ఫలానావారి భార్య అని రాయకండి, వాళ్ళ పేరు రాయండి. తెలియకపోతే ఇవాళే ఇంటికెళ్ళి ఫోను చేసి అడగండి, వచ్చే ఆదివారం పొద్దున్న ఇక్కడే కూర్చుంటాం, తెచ్చివ్వండి. పెన్నులు వెనక పిల్లల దగ్గర ఉన్నాయి. రాయడం రాని పెద్దవాళ్ళు చెప్పండి, పక్కనున్నవాళ్ళు రాస్తారు. వాళ్ళు ఎలా పలికితే అలాగే రాయండి బాబూ, సరిచెయ్యకండి. ఫ్యాను ఇప్పుడు వేసేయండి.